బీపీ పెరిగితే మెదడుకి రక్తం తగ్గడమేంటి?

"బీపీ ఎక్కువుంటే మెదడుకి రక్తం కూడా ఎక్కువే వెళ్ళాలి కదా, తగ్గుతుందంటారేం?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఎంత మంచి ప్రశ్న!

మెదడులోని రక్తనాళాలు వట్టి గొట్టాలు కావు. ఒత్తిడి పెరిగితే బిగుసుకుంటాయి, తగ్గితే వదులవుతాయి. కాబట్టి ఒత్తిడి కొంత అటూ ఇటూ అయినా రక్తప్రవాహం పెద్దగా మారదని 1959లో డెన్మార్క్ శాస్త్రవేత్త నీల్స్ లాసెన్ వివరించాడు. కానీ ఏళ్ళ తరబడి బిగుసుకునే ఉంటే గోడలు మందమై, లోపలి దారి సన్నబడుతుంది. అదే ఒత్తిడిలో వ్యాసార్థం సగమైతే ప్రవాహం పదహారో వంతుకి పడిపోతుంది. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకునేవాళ్ళకి ఇది గట్టిగా చెప్పాలి. ఈ మార్పు ఏ నొప్పీ లేకుండానే జరిగిపోతుంది.

మరి దీన్ని చూడడమెలా? నాకెంతో ఇష్టమైన పద్ధతి ఆర్టీరియల్ స్పిన్ లేబెలింగ్, అంటే ఎమ్మారై యంత్రంతోనే మెదడు రక్తప్రవాహాన్ని కొలిచే పద్ధతి. 1992లో వచ్చింది. సూది లేదు, మందు లేదు, ఎక్స్‌రే లేదు. రక్తంలోని నీటికే ముద్ర వేస్తారు. మెడ దగ్గర రేడియో తరంగాలు ఆ నీటిలోని హైడ్రోజన్ అయస్కాంత దిశని తిప్పేస్తాయి. ఇది త్వరగా వెలిసిపోయే సిరా. 3 టెస్లా (అయస్కాంత బలానికి కొలమానం) ఎమ్మారైలో సుమారు 1.6 సెకన్లకే మూడో వంతుకి కాస్త పైన మాత్రమే మిగులుతుంది. అందుకే ముద్ర వేశాక 1.8 సెకన్లు లేదా కాస్త అటూ ఇటూ ఆగి ఒక బొమ్మ తీస్తారు. ముద్ర లేకుండా ఇంకోటి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేది ఆ కొత్త రక్తమే. తేడా ఒక శాతం లోపే ఉంటుంది కాబట్టి, ఇలాంటి జతలు పదుల కొద్దీ తీసి సగటు కడతారు.

చిక్కు కూడా ఆ సిరాతోనే. నాళాలు పాడైనవాళ్ళలో రక్తం ఆలస్యంగా చేరుతుంది. బొమ్మ తీసే వేళకి అదింకా పెద్ద ధమనుల్లోనే ఉంటే, కణజాలానికి నిజంగా అందేదానికన్నా తక్కువ అందినట్టు కనిపిస్తుంది. అందుకని వేర్వేరు వ్యవధుల్లో బొమ్మలు తీస్తారు. అప్పుడు ఆలస్యం ఎంతో కూడా కొలతకి దొరుకుతుంది!

బీపీ బాగా తగ్గిస్తే మెదడుకి రక్తం చాలదేమోనన్న భయం డాక్టర్లకీ ఉండేది. అమెరికాలో జరిగిన స్ప్రింట్ అధ్యయనంలో పై బీపీని 140 లోపు ఉంచినవాళ్ళనీ, 120 లోపుకి దించినవాళ్ళనీ ఇదే పద్ధతిలో పోల్చారు. సుమారు నాలుగేళ్ళకి, 120 లోపుకి దించినవాళ్ళలో మెదడు రక్తప్రవాహం తగ్గలేదు. కొద్దిగా పెరిగింది.