సంఘంలో పెద్దలు, యూత్: అపోహలు – వాస్తవాలు

గుంటూరు జిల్లాలో ఒక క్రైస్తవ సంఘంలో పదహారేళ్లుగా యూత్ బాధ్యత చూస్తున్నాను. ఏ ఊరి సంఘానికి వెళ్లినా పెద్దలు యూత్ గురించి, యూత్ పెద్దల గురించి ఇంచుమించు ఇవే మాటలు చెబుతారు. దగ్గర కూర్చుని ఇద్దరి మాటా విన్నాక, వాటిలో చాలావరకు నిజం కాదని నాకు అర్థమైంది.

అపోహ: పెద్దవాళ్లకు కొత్త పాటలంటే పడదు.

వాస్తవం: ఈ గొడవ మా సంఘంలోనూ ఏళ్ల తరబడి నడిచింది. కీబోర్డ్ వాయించే తమ్ముడు కొత్త పాట ఎత్తుకుంటే ముందు వరుసల్లో ఒక్కరూ నోరు మెదిపేవారు కాదు. "వాళ్లకి ఇష్టం లేదన్నా" అనేవాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఒక మామ్మగారి పక్కన కూర్చుని అడిగాను. "పాట బాగానే ఉంది నాయనా, నా గొంతే అంత పైకి పోవట్లేదు" అన్నారు.

యూట్యూబ్‌లో గాయకులు పాడిన స్కేల్లోనే మావాడు ఎత్తుకుంటున్నాడు. డెబ్బై ఏళ్ల గొంతుకు ఆ శ్రుతి అందదు. తర్వాతి వారం ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి మూడు మెట్లు కిందికి దించాం, వేగం కాస్త తగ్గించాం, స్క్రీన్ మీద అక్షరాలు పెద్దవి చేశాం. రెండో చరణానికల్లా ముందు వరుసల గొంతులు వినిపించాయి. అన్ని గొడవలూ ఇంత తేలిగ్గా తీరవు. కానీ "ఇష్టం లేదు" అని తేల్చేసే ముందు ఒకసారి పక్కన కూర్చుని అడగండి.

యూత్‌కి కూడా ఒక మాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా కీర్తనల పైన రాగం, తాళం పేర్లు ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారి వంటి వారు 19వ శతాబ్దంలో మన రాగాల్లో కీర్తనలు కట్టినప్పుడు, అప్పటి విశ్వాసులకు అవి సరికొత్త పాటలే. మేం నెలకొక కీర్తన తీసుకుంటాం. ఒక పెద్దాయన దాని మాటలకు అర్థం చెబుతారు, తర్వాత అందరం కలిసి పాడతాం. అర్థం తెలిశాక ఆ కీర్తనలు బోర్ అన్న పిల్లల్ని నేను పెద్దగా చూడలేదు.

అపోహ: యూత్‌కి భక్తి తగ్గింది, అందుకే చర్చికి రావట్లేదు.

వాస్తవం: మా పిల్లల్లో చాలామంది ఇంటర్ అయ్యాక ఊళ్లోనే ఉండరు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో హాస్టల్, నైట్ షిఫ్ట్, ఆదివారం పొద్దున నిద్ర. క్రిస్మస్‌కి ఇంటికొస్తే గుమ్మంలోనే "ఏమయ్యా, చర్చి దారి మర్చిపోయావా?" అని అడుగుతాం. ఆ మాటతో మళ్లీ ఏడాదిదాకా కనపడని వాళ్లున్నారు.

మా దగ్గర ఇప్పుడు ఒక్కో పెద్దాయన, ఒక్కో పెద్దమ్మగారు ఇద్దరేసి పిల్లల్ని తీసుకున్నారు. శనివారం రాత్రి ఫోన్ చేయాలి. "చర్చికి వెళ్లావా" అనే ప్రశ్న మాత్రం వద్దనుకున్నాం. తిన్నావా, ఒంట్లో బాగుందా, దేని గురించి ప్రార్థన చేయమంటావు, అంతే. మా పిల్లాడొకడికి ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పడానికి టెన్షన్. మొదట చెప్పింది, వారం వారం ఫోన్ చేసే రిటైర్డ్ మాస్టారికి. ఆయనే వాళ్ల నాన్నతో మాట్లాడారు.

అపోహ: యూత్‌కి వేరే ఆరాధన పెడితే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: కొన్నిచోట్ల అది తప్పదు. అమెరికాలోని తెలుగు సంఘాల్లో అక్కడే పుట్టిన పిల్లలకు తెలుగు ప్రసంగం అందడం కష్టం. ఇక్కడ ఇంగ్లిష్ మీడియం పిల్లలకూ బైబిల్లోని "తృణీకరింపనియ్యకుము" వంటి మాట దగ్గర నాలుక తడబడుతుంది. కానీ సండేస్కూల్ ఒక గదిలో, యూత్ మేడ మీద, స్త్రీల సమాజం బుధవారం అని విడగొట్టుకుంటూ పోతే, ఐదేళ్ల పిల్ల పాతికేళ్లు వచ్చేదాకా ఒక్క ముసలి విశ్వాసి ప్రార్థన కూడా దగ్గరగా వినదు. బైబిల్లో అపొస్తలుడు పౌలు, తన యువ శిష్యుడు తిమోతికి ముందు అతని అవ్వ లోయిలో, తల్లి యునీకేలో అదే విశ్వాసం ఉందని రాశాడు. వేరే ఆరాధన పెట్టినా, నెలలో ఒక్క ఆదివారమైనా అందరూ ఒక్కచోట కూర్చోవాలి.

అపోహ: యూత్‌కి బాధ్యతలు ఇస్తూనే ఉన్నాంగా!

వాస్తవం: కుర్చీలు వేయడం, మైకు సర్దడం, క్యారల్స్‌కి తిరగడం. ఇవి పనులు. కానుకల లెక్క దగ్గర, కమిటీలో నిర్ణయం తీసుకునే చోట వాళ్లకు కుర్చీ ఉందా?

అపోహ: పెద్దవాళ్లది ఒట్టి మొండితనం.

వాస్తవం: బైబిల్లో ఎజ్రా గ్రంథం 3వ అధ్యాయం చదవండి. కొత్త మందిరానికి పునాది వేస్తే, పాత మందిరాన్ని చూసిన వృద్ధులు గట్టిగా ఏడ్చారు. మిగతావాళ్లు సంతోషంతో కేకలు వేశారు. ఏది ఏడుపో ఏది సంతోషమో తెలియనంతగా కలిసిపోయాయి.

మా పాత చర్చి పడగొట్టిన రోజు ఇంకో మామ్మగారు ఎదురింటి అరుగు మీద కూర్చుని ఏడుస్తుంటే, మా కుర్రాళ్లు విసుక్కున్నారు. మంచినీళ్లు ఇవ్వడానికి వెళ్లిన అమ్మాయితో ఆవిడ చెప్పారట: ఆ గోడలకు ఆవిడ, ఆవిడ భర్త కూలి పనులు మానుకుని రాళ్లు మోశారు, పెద్దకొడుకు బాప్తిస్మం అక్కడే జరిగింది, భర్త శవపేటిక కూడా ఆ గుమ్మంలోంచే వెళ్లింది. ఆ అమ్మాయి వచ్చి చెబితే కుర్రాళ్లు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఇనుప సామాన్లవాడికి వేయడానికి పక్కన పెట్టిన పాత గంటను వెనక్కి తెచ్చుకున్నారు. ఇప్పుడది కొత్త చర్చి గుమ్మం పక్కనే ఉంది. మొదటిసారి మోగించమని తాడు తెచ్చి మామ్మగారి చేతికే ఇచ్చారు.