కిటికీ దగ్గరికి జరపండి

పర్లాకిమిడి

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మీ బోన్సాయ్ మర్రి ఆకులు రాల్చేస్తోందని, నీళ్ళు ఇంకా ఎక్కువ పొయ్యమంటారా అని అడిగారు. వద్దు. ముందు ఆ చెంబు పక్కన పెట్టండి. ఫొటోలో చూశాను, కిటికీకి దూరంగా టీవీ బల్ల మీద పెట్టారు దాన్ని. చూడ్డానికి బాగానే ఉంది గానీ, చెట్టుకి అది చీకటిగదితో సమానం.

మీ హాలు వెలుగుగానే ఉందంటారు. మన కన్ను ఎంత వెలుగుంటే అంతకి సర్దుకుంటుంది, అందుకే మనకి తేడా తెలీదు. ఆకు వండుకునేది వెలుగుతోనే. కిటికీ వదిలి నాలుగడుగులు లోపలికి వస్తే ఆ వెలుగు చాలా తగ్గిపోతుంది. కావాలంటే మిట్టమధ్యాహ్నం కుండీ దగ్గర తెల్లకాగితం పరిచి పైన చెయ్యి చాపండి. వేళ్ళు విడివిడిగా నీడ పడితే సరే. నీడ మసకగా ఉంటే చెట్టు పస్తున్నట్టే.

పస్తున్న చెట్టు నీళ్ళు కూడా సరిగ్గా తాగదు. మీరు రోజూ పోస్తారు, మట్టి ఆరదు, వేళ్ళకి గాలాడక కుళ్ళుతాయి. కుళ్ళిన వేళ్ళు నీరందించలేవు కాబట్టి ఆకులు పండి రాలతాయి. చూసేవాళ్ళకి అచ్చం దాహంలాగే ఉంటుంది, ఇంకో చెంబు పోస్తారు. ఇంట్లో పెట్టిన బోన్సాయ్‌లు ఎక్కువగా పోయేది ఇలాగే.

తూర్పు కిటికీకి ఆనుకుని పెట్టండి. మర్రి, రావి, జువ్వి జాతులకి చోటు మారిస్తే కోపం. మరికొన్ని ఆకులు రాల్చినా కంగారుపడి మళ్ళీ జరపకండి. కొమ్మ మీద గోటితో కాస్త గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది.

నీళ్ళకి గడియారం పెట్టుకోవద్దు. కాలిపోయిన అగరొత్తి పుల్ల మట్టిలో గుచ్చి, కాసేపాగి తియ్యండి. తడి అంటితే ఆ రోజు మానెయ్యండి. పొడిగా వస్తే అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పొయ్యండి. పైపైన చిలకరిస్తే వేళ్ళకి అందదు. మీ బరంపురం గాలిలో ఎలాగూ తేమ ఉంటుంది, ఏసీ గాలి మాత్రం నేరుగా తగలనివ్వకండి.

అసలు ఇంట్లో పెరగడానికే పుట్టిన చెట్టు ఏదీ లేదు. పాత గుడిగోడ నెర్రెలో పిడికెడు మట్టితో రావి బతకడం మీరూ చూసే ఉంటారు. ఆ మొండితనం వల్లే ఈ జాతులు మన గదుల్నీ ఓర్చుకుంటాయి. దళసరి ఆకుల జేడ్ మొక్క కూడా ఫరవాలేదు. జునిపర్ అనే చలిదేశపు చెట్టు అందంగా ఉంటుంది, కొనకండి. దానికి ఆరుబయట చలికాలపు విశ్రాంతి కావాలి, గదిలో పెడితే పోతుంది. పైగా చచ్చిన చాలా రోజులదాకా పచ్చగానే కనిపించి మోసం చేస్తుంది.

1625 నుంచి కుండీలో పెరుగుతోందని చెప్పే జపాన్ పైన్ ఒకటుంది. 1945లో హిరోషిమా మీద బాంబు పడ్డప్పుడు ఆ ఊళ్ళోనే, యమాకి అనే వారి తోటలో ఉండి బతికి బయటపడింది. 1976లో అమెరికాకి కానుకగా వెళ్ళి ఇప్పటికీ వాషింగ్టన్‌లో ఉంది. అన్నేళ్ళలో దాన్నెవరూ టీవీ పక్కన పెట్టి పెంచలేదు లెండి!

నా కుండీలు అరుగు మీదే ఉంటాయి. దసరా వెళ్ళాక తుఫాను కబురొస్తే మాత్రం లోపలికి తెస్తాను. 2018 అక్టోబరులో తిత్లీ మన గజపతి జిల్లాని ఎంత అతలాకుతలం చేసిందో మీ అమ్మనడగండి. గాలి తగ్గగానే మళ్ళీ బయటికే.

ఆకులు రాలుతున్నన్నాళ్ళూ ఎరువు వెయ్యొద్దు. కొత్త చిగురు తొడిగాక పల్చగా చాలు. కొమ్మకి చుట్టిన అల్యూమినియం తీగ బెరడులోకి దిగుతుంటే ముక్కలుగా కత్తిరించి తియ్యండి, మెలితిప్పి లాగితే కొమ్మ విరుగుతుంది. తెల్లటి పిండినల్లి కనిపిస్తే సబ్బునీళ్ళలో ముంచిన దూదితో తుడవండి.

కుండీ మార్చడం ఇప్పుడొద్దు. కోలుకున్నాక, వచ్చే ఏడు వానలు మొదలయ్యాక ఇక్కడికి తీసుకురండి. జల్లించిన ఇటుక ముక్కలు, ముతక ఇసుక, మాగిన గత్తం కలిపి ఉంచుతాను. వేళ్ళు ఎంత కత్తిరించాలో కాగితం మీద చెబితే రాదు, దగ్గరుండి చూడాలి.

ఇంకో మాట. కుండీ పైన అందానికి గులకరాళ్ళు జిగురుతో అతికించి అమ్ముతుంటారు. మీదీ అలాంటిదే అయితే ఇవాళే వాటిని పెళ్ళగించి తీసెయ్యండి. అడుగున రంధ్రాలున్నాయో లేవో చూసి ఫొటో పంపండి.

మీ తాతయ్య