పడవ పోయేంత గుహను తొలిచింది వాననీరే

వియత్నాంలోని ఫోంగ్ న్యా గుహ దగ్గరికి రాగానే పడవ ఇంజన్ ఆపేస్తారు. అక్కడి నుంచి తెడ్లతోనే. గుహ పొడవు ఏడున్నర కిలోమీటర్ల పైమాటే అయినా, మామూలు సందర్శకులను పడవలో తిప్పేది ఒకటిన్నర కిలోమీటర్ల వరకే. పడవలో అందరూ పైకప్పు వైపు చూస్తున్నారు. మాది హుజూర్‌నగర్ వైపు కాబట్టి నా చూపు గోడ మీదికి పోయింది. మఠంపల్లి, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలకు తవ్వి తీసేదీ ఈ జాతి రాయే, సున్నపురాయి.

మరి అక్కడ నది పారేంత గుహ ఉంటే, మన దగ్గర ఎందుకు లేదు?

వాననీరు గాల్లో కొద్దిగా కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటుంది. అసలు బలం వచ్చేది మట్టిలోకి దిగాక. వేర్లు, సూక్ష్మజీవులు వదిలే ఊపిరి వల్ల అక్కడ ఆ వాయువు బయటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అలా పలుచటి ఆమ్లంగా మారిన నీరు పగుళ్లలోకి దిగి రాయిని కరిగిస్తుంది. ఫోంగ్ న్యా కొండల మీద దట్టమైన అడవి, ఏడాదికి 2,000 మిల్లీమీటర్లు దాటే వాన. నల్లగొండలో 750 దాకా పడితే గొప్ప. పైగా అక్కడి సున్నపురాయి వందల మీటర్ల ఎత్తు కొండలుగా లేచి ఉంది, నీరు వేగంగా కిందికి దిగుతుంది. మన రాయి చాలావరకు చదును నేల కిందే పడి ఉంది.

కరిగిన సున్నం మళ్లీ రాయి అవుతుంది. గుహ కప్పు నుంచి చుక్క వేలాడగానే అందులోని వాయువు గాల్లోకి పోతుంది, సున్నం అక్కడే పేరుకుంటుంది. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి పెచ్చు కూడా ఇదే పదార్థం. కాకపోతే గిన్నెలో వేడికి తొందరగా పడుతుంది, గుహలో ఏడాదికి మిల్లీమీటరులో చిన్న భాగమే పెరుగుతుంది. అందుకే అలా పేరుకుని వేలాడే రాళ్లను చేత్తో తాకొద్దంటారు. మన చర్మపు జిడ్డు అంటితే ఆ పెరుగుదలకు అడ్డు.

నన్ను కట్టిపడేసింది మాత్రం గోడల మీది గుంటలు. పారే నీరు సున్నపురాయిని చిన్న చిన్న గుంటలుగా తొలుస్తుంది. ఒక్కో గుంటకు ఎగువ వైపు అంచు నిటారుగా, దిగువ వైపు వాలుగా ఉంటుంది. గుంటలు చిన్నవైతే ప్రవాహం జోరుగా ఉండేదని, పెద్దవైతే నెమ్మదిగా సాగేదని అర్థం. నీరు ఇంకిపోయిన గుహలో కూడా నది ఒకప్పుడు ఎటు పారిందో వీటిని చూసి చెప్పొచ్చు.

ఇదంతా చూడటానికి వియత్నాం దాకానే పోనక్కర్లేదు. కృష్ణ దాటి వెళ్తే నంద్యాల జిల్లాలో బెలూం గుహలున్నాయి, 3,229 మీటర్ల పొడవు. వాటినీ సున్నపురాయిలో నీరే తొలిచింది. ఇప్పుడు చాలావరకు పొడిగా ఉన్నా, అట్టడుగున పాతాళగంగ దగ్గర ఇంకా నీరు పారుతోంది.