ఎడిట్ టేబుల్ దగ్గర తెలిసే నటన: కొన్ని అపోహలు, వాస్తవాలు

థియేటర్‌లో ఒక్కసారి చూసి వదిలేసే ముఖాన్ని మాలాంటి ఎడిటర్లు ఆపి, వెనక్కి తిప్పి, టేక్ తర్వాత టేక్ చూస్తారు. అందుకేనేమో, ఈమధ్య వచ్చిన సినిమాల్లో జనం ‘ఇరగదీశాడు’ అన్న సీన్లూ నాకు నచ్చిన సీన్లూ చాలాసార్లు కలవవు.

అపోహ: గుండెలవిసేలా ఏడిస్తేనే గొప్ప నటన.

వాస్తవం: కన్నీళ్లకు గ్లిజరిన్ చాలు. లోపల ఒకటి, పైకి ఒకటి చూపించాలంటేనే నటుడు కావాలి. ‘ఓపెన్‌హైమర్’ (2023)లో హిరోషిమా మీద బాంబు వేశాక, ఆ బాంబు తయారీని నడిపించిన శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ తోటివాళ్ల ముందు మాట్లాడే సీన్ గుర్తుందా? జనం కాళ్లతో నేలను దడదడలాడిస్తుంటారు. అతని నోటి నుంచి గెలుపు మాటలే వస్తాయి. ఒక దశలో ఆ హోరంతా ఆగిపోయి ముఖం ఒక్కటే మిగులుతుంది. చేసిన పని ఏమిటో అప్పుడే అర్థమవుతున్న మనిషి ముఖం అది. డైలాగ్ పక్కనపెట్టి కళ్లను మాత్రం చూస్తే వేరే సీన్ చూసినట్టుంటుంది. ఆ పాత్ర వేసిన కిలియన్ మర్ఫీకి 2024లో ఉత్తమ నటుడి ఆస్కార్ వచ్చింది. నన్నడిగితే ఈ ఒక్క సీన్‌కే ఇచ్చేయొచ్చు.

అపోహ: ఎక్కువసేపు కనిపించాలి, పేజీల కొద్దీ డైలాగ్ ఉండాలి.

వాస్తవం: ‘ది సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్’ (1991)లో ఆంథనీ హాప్కిన్స్ తెర మీద ఉండేది అరగంట లోపే. అయినా ఉత్తమ నటుడి ఆస్కార్ ఆయనకే వచ్చింది. ‘కోడా’ (2021)లో ట్రాయ్ కాట్సర్ దాదాపు అంతా సైగల భాషలోనే నటించి సహాయ నటుడి ఆస్కార్ అందుకున్నారు.

అపోహ: పాత్ర కోసం బరువు తగ్గితే సగం నటన అయిపోయినట్టే.

వాస్తవం: కష్టపడ్డారు, కాదనను. కెమెరా ఆన్ అయ్యాక చేయాల్సింది ఇంకా మొత్తం మిగిలే ఉంటుంది.

అపోహ: ఎవరినైనా ఎడిటింగ్‌తో నటుడిని చేసేయొచ్చు.

వాస్తవం: దీనికి అందరూ రష్యన్ దర్శకుడు కులెషోవ్ ప్రయోగాన్ని చూపిస్తారు. భావం లేని ఒకే ముఖాన్ని సూప్ గిన్నె పక్కన, శవపేటిక పక్కన, ఒక స్త్రీ పక్కన అతికిస్తే చూసేవాళ్లు అందులో ఆకలి, దుఃఖం, కోరిక చదువుకున్నారట. రెండు మూడు సెకన్ల షాట్‌కి ఆ కిటుకు ఇప్పటికీ పనిచేస్తుంది. అదే క్లోజప్ నిమిషం పాటు కట్ లేకుండా నడవాలంటే? బలహీనమైన నటనను మేం తరచుగా కట్ చేసి దాచగలం, అంతే. ఈసారి ఏదైనా ఎమోషనల్ సీన్‌లో మరీ ఎక్కువ కట్లు కనిపిస్తే కారణం ఊహించుకోండి.

అపోహ: సహజ నటన అంటే ఏమీ చేయకుండా మామూలుగా ఉండటమే.

వాస్తవం: నన్ను బాగా ఇబ్బంది పెట్టే అపోహ ఇదే. సీన్ మొత్తాన్ని ఒకేసారి తీసే మాస్టర్ షాట్‌లో ఏ మాట దగ్గర కప్పు ఎత్తారో, క్లోజప్‌లోనూ అదే మాట దగ్గర ఎత్తాలి. లేకపోతే రెండు షాట్లూ కలవవు. మంచి నటులు ఈ కంటిన్యూటీ లెక్కంతా మనసులో పెట్టుకునే, ఆ మాట అప్పుడే తోచినట్టు చెబుతారు. రెప్పపాటు కూడా ఊరికే పోదు. హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఒక సినిమా ఎడిట్ చేస్తూ, తను కట్ చేయాలనుకున్న చోటికి దగ్గర్లోనే జీన్ హ్యాక్‌మన్ రెప్ప వేస్తున్నాడని గమనించారు. నటుడి ఆలోచన ముగిసిన చోట రెప్ప పడుతుందన్నది ఆయన ఊహ. పాత్రలా నిజంగా ఆలోచిస్తున్నవాళ్ల విషయంలో అది నాకూ చాలాసార్లు నిజమనిపించింది. డైలాగ్ గుర్తుచేసుకుంటున్నవాళ్ల రెప్పలు మాత్రం ఎక్కడపడితే అక్కడ పడతాయి.

ఇంకొకటి, తెర మీదకు ఎప్పటికీ రానిది. ఎదుటివాళ్ల క్లోజప్ తీస్తున్నప్పుడు తమ ముఖం ఫ్రేమ్‌లో లేకపోయినా, కొందరు కెమెరా పక్కన నిలబడి అదే ఊపుతో డైలాగ్ చెబుతారు. కొందరు ఆ పని అసిస్టెంట్ డైరెక్టర్‌కి వదిలేసి కారవాన్‌కి వెళ్లిపోతారు. సౌండ్ ఆఫ్ చేసి రష్ (ఎడిట్ చేయని ఫుటేజ్) చూసినా, ఎవరు ఉన్నారో ఎవరు వెళ్లిపోయారో వింటున్నవాళ్ల కళ్లలో నాకు తెలిసిపోతుంది.