గోదాములో ఉన్న సరుకెంత, పుస్తకంలో రాసిన సరుకెంత

కంపెనీ లాభాన్ని తేల్చే అంకెల్లో ఒకదానికి మాత్రం బిల్లు ఉండదు. అమ్మకానికి ఇన్‌వాయిస్ ఉంటుంది, కొనుగోలుకు బిల్లు ఉంటుంది, జీతాలకు బ్యాంకు ఎంట్రీ ఉంటుంది. మార్చి 31న మిగిలిన సరుకు విలువ ఎంత అంటే మాత్రం ఎవరో ఒకరు లెక్కపెట్టి, ధర కట్టి చెప్పాల్సిందే. అదే క్లోజింగ్ స్టాక్.

ఏడాది మొదట్లో సరుకు 20 లక్షలు, కొన్నది కోటి, అమ్మింది కోటీ పది లక్షలు అనుకుందాం. చివర్లో 25 లక్షల సరుకు మిగిలితే స్థూల లాభం 15 లక్షలు. ఆ 25ని 35 అని రాస్తే లాభం 25 లక్షలవుతుంది. ఒక్క రూపాయి అదనంగా అమ్మకుండానే పది లక్షల లాభం పుట్టింది. అయితే ఈ ఏటి క్లోజింగ్ స్టాకే వచ్చే ఏటి ఓపెనింగ్ స్టాక్. ఈసారి పెంచిన పది లక్షలు వచ్చే ఏడు లాభంలోంచి కోతపడతాయి. ఆ కోత కనపడకూడదంటే మళ్లీ పెంచాలి. స్టాక్ మోసాలు ఏళ్ల తరబడి సాగడానికీ, బయటపడేసరికి కొండంత కావడానికీ కారణం ఇదే.

ఇంగ్లండ్‌లోని హల్ నగరంలో కింగ్‌స్టన్ కాటన్ మిల్‌లో సరిగ్గా ఇదే జరిగింది. మేనేజర్ జాక్సన్ ఏటా పత్తి, నూలు నిల్వలను ఎక్కువ చేసి చూపించాడు. లేని లాభం మీద డివిడెండ్లు కూడా పంచారు. ఆడిటర్లు మేనేజర్ ఇచ్చిన సర్టిఫికెట్ తీసుకుని, బ్యాలెన్స్ షీట్‌లో ఆ మాటే రాసి సంతకం పెట్టారు. మొదటి నిల్వకు కొన్నది కలిపి, అమ్మింది తీసేసి చూసి ఉంటే తేడా అక్కడే దొరికేది. కంపెనీ మూతపడ్డాక కేసు వేశారు. కింది కోర్టు ఆడిటర్లదే తప్పంది. 1896లో అప్పీల్ కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆడిటర్ కాపలా కుక్కే కానీ వాసన పట్టి వేటాడే కుక్క కాదని జస్టిస్ లోప్స్ అన్న మాట అప్పటిదే. మన దగ్గర సీఏ చదివే పిల్లలందరూ ఈ వాక్యాన్ని బట్టీ పడతారు. ఆ కేసు మొదలైందే సరుకు లెక్క దగ్గర అన్న సంగతి చాలామందికి గుర్తుండదు. ఆ తీర్పు వల్ల సరుకు విషయంలో మేనేజర్ మాట నమ్మితే చాలన్న ధీమా ఏర్పడింది. అందుకు మూల్యం చెల్లించింది వాటాదారులు.

ఆ ధీమా చెదరడానికి 42 ఏళ్లు పట్టింది. 1938 డిసెంబరులో అమెరికాలో మెకెసన్ అండ్ రాబిన్స్ అనే పెద్ద మందుల కంపెనీ గుట్టు రట్టయింది. దాని అధ్యక్షుడు డొనాల్డ్ కోస్టర్ అసలు పేరు ఫిలిప్ మ్యూసికా, అంతకుముందే మోసం కేసుల్లో శిక్ష పడినవాడు. మారుపేర్లతో అదే వ్యాపారంలో ఉన్న అన్నదమ్ములతో కలిసి, కెనడా గోదాముల్లో ముడి ఔషధాలు ఉన్నట్టు కాగితాలు పుట్టించాడు. పుస్తకాల్లోని 8.7 కోట్ల డాలర్ల ఆస్తుల్లో దాదాపు 1.9 కోట్లు ఉత్తివే. అందులో కోటి డాలర్లు లేని సరుకు, మిగతాది రావాల్సినట్టు చూపిన బాకీలు. ప్రైస్ వాటర్‌హౌస్ ఆడిటర్లు కాగితాలన్నీ చూశారు, గోదాములకు మాత్రం వెళ్లలేదు. వెళ్లాలన్న నియమం కూడా అప్పటికి లేదు. పోలీసులు మళ్లీ అరెస్టు చేయడానికి వచ్చే సమయానికి మ్యూసికా తుపాకీతో కాల్చుకున్నాడు. 1939లో అమెరికా అకౌంటెంట్ల సంస్థ నియమం మార్చింది. సరుకు లెక్కపెట్టేటప్పుడు ఆడిటర్ అక్కడ ఉండాలి, బాకీదారులను నేరుగా అడిగి ధ్రువీకరించుకోవాలి. సరుకు లెక్క విషయంలో మన ఆడిటింగ్ ప్రమాణాల్లో ఎస్ఏ 501 చెప్పేదీ అదే.

చూస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. 1963లో న్యూజెర్సీలోని బేయోన్‌లో టీనో డి ఏంజెలిస్ అనే నూనె వ్యాపారి ట్యాంకుల నిండా సోయా నూనె ఉందని చూపించి, గోదాము రసీదుల మీద అప్పులు తెచ్చాడు. ట్యాంకుల్లో చాలా భాగం నీళ్లు, పైన తేలుతున్నది మాత్రమే నూనె. పైనుంచి చూసినవాళ్లకు నూనే కనిపించింది. ఆ రసీదులు ఇచ్చింది అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అనుబంధ సంస్థ కావడంతో ఆ దెబ్బ దాని మీదా పడింది.

ఇది చదివినప్పుడల్లా ఆర్టికల్స్ (సీఏ శిక్షణ) చేసే రోజుల్లో చూసిన ఒక ధాన్యం గోదాము గుర్తొస్తుంది. పొడవు 12, వెడల్పు 9, ఎత్తు 15 అని లెక్కపెట్టి 1,620 బస్తాలు అని కాగితం మీద రాశాను. మా సీనియర్ కాగితం చూసి, "పైకెక్కి చూశావా?" అని అడిగారు. లేదన్నాను. హమాలీని పైకెక్కించి మధ్యలో నాలుగు బస్తాలు తీయించారు. రెండు వరుసల కింద చెక్క పలకలు అడ్డంగా ఉన్నాయి. పలకల కింద అంతా ఖాళీ. చుట్టూ రెండేసి బస్తాల గోడ, లోపల 520 బస్తాల చోటు వట్టిది. ఉన్నవి 1,100. గుమాస్తా తల దించుకుని నిలబడ్డాడు. ఆ సరుకును హామీగా చూసుకుని బ్యాంకు క్యాష్ క్రెడిట్ అప్పు ఇచ్చింది. నాకు చేతులు చల్లబడ్డాయి, ఎందుకంటే నేను రాసిన కాగితం మీద ఆ 1,620 అప్పటికే సంతకంతో సహా ఉంది.

ఇదంతా ఎన్ని ఉన్నాయన్న గొడవ. ఒక్కోటి ఎంతకు కట్టాలన్నది ఇంకో గొడవ. కొన్న ఖరీదు, అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చేది, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది రాయాలన్నది పాత వ్యాపార సంప్రదాయం. 1953లో చైన్‌రూప్ సంపత్‌రామ్ కేసులో, వెండి కడ్డీల నిల్వ గురించి, మన సుప్రీంకోర్టు దీన్ని గుర్తించింది. అమ్ముడుపోని సరుకుకు విలువ కట్టడం వల్ల లాభం పుట్టదని, ఖర్చుల వైపు ముందే రాసిన ఆ సరుకు కొనుగోలు ధరను రద్దు చేయడమే దాని పని అని ప్రధాన న్యాయమూర్తి పతంజలి శాస్త్రి వివరించారు. ఇంత స్పష్టంగా చెప్పిన మాట పాఠ్యపుస్తకాల్లో కూడా అరుదు.

సరుకు విలువ ఎలా కట్టాలో చెప్పే మన అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 2 మొదట 1981లో వచ్చింది. చివర కొన్నదే ముందు అమ్ముడైందని లెక్కించే లైఫో పద్ధతికి అందులో చోటుండేది. 1999 సవరణతో అది పోయి, ముందు కొన్నదే ముందు అమ్ముడైందనే ఫిఫో, సగటు ధర పద్ధతులు మిగిలాయి. 2003లో అంతర్జాతీయ ప్రమాణం కూడా లైఫోను తీసేసింది. అమెరికాలో ఇప్పటికీ ఉంది.

ధర నియమం ఎందుకు అవసరమో గుంటూరు మిర్చి చూస్తే తెలుస్తుంది. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి కేంద్రం జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించింది. అంతకుముందు క్వింటా 18 వేలకు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టిన కంపెనీ ఉందనుకోండి. ఆ మార్చి 31న టిక్కీలు (మిర్చి బస్తాలు) ఒక్కటీ తగ్గకుండా లోపలే ఉంటాయి. 18 వేలు అని రాస్తే మాత్రం అది తప్పు లెక్క. పోయిన ఆరేడు వేలు అమ్మిన రోజు వరకు ఆగకుండా ఆ ఏడాదే నష్టంగా రాయాలి. యజమానికి ఇది మింగుడుపడదు, రేపు ధర లేస్తుందంటాడు. ఆ ఆశను బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తిగా చూపించకూడదు.

ఇప్పుడు కంపెనీల ఆడిట్ నివేదికలకు కారో 2020 వర్తిస్తోంది, అంటే ఆడిటర్ ఏయే విషయాలు రాయాలో చెప్పే కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు. సరుకును తగిన వ్యవధుల్లో లెక్కపెట్టారా, ఏ రకంలోనైనా మొత్తం మీద 10 శాతం, ఆపైన తేడా వచ్చిందా అని ఆడిటర్ రాయాలి. ఏడాదిలో ఎప్పుడైనా సరుకు, బాకీల వంటి ఆస్తుల హామీ మీద 5 కోట్లు మించి వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ (రోజువారీ వ్యాపారానికి అప్పు పరిమితి) మంజూరైతే, బ్యాంకుకు మూడు నెలలకోసారి ఇచ్చిన స్టేట్‌మెంట్లు పుస్తకాలతో కలుస్తున్నాయో లేదో కూడా చెప్పాలి. నా దృష్టిలో ఈ రెండో ప్రశ్నే అసలైనది. బ్యాంకుకు ఒక స్టాక్, పన్నుకు ఒక స్టాక్ చూపే అలవాటును అది సూటిగా పట్టుకుంటుంది. అయితే కారో కంపెనీలకే, అందులోనూ చిన్న కంపెనీలకు మినహాయింపు ఉంది. మన మిల్లులు, జిన్నింగ్ యూనిట్లలో చాలావరకు భాగస్వామ్య సంస్థలే. వాటి గోదాముల్లో బస్తాల మీదకు ఎక్కి చూడమని అడిగేది ఇప్పటికీ బ్యాంకు పంపే స్టాక్ ఆడిటరే.