ఫ్లోరైడర్ మీద ట్రిక్కులు: అపోహలు - వాస్తవాలు

"అన్నా, మోకాళ్ల మీద బాగానే నిలదొక్కుకున్నాను కదా, ఇంక లేచి నిలబడనా?"

వారానికి ఒక్కసారైనా ఈ మాట నా చెవిన పడుతుంది. మాది వైజాగ్. క్రూయిజ్ షిప్పుల్లో స్పోర్ట్స్ డెక్ మీద పని చేస్తున్నాను. అక్కడ ఏటవాలు మీదికి నీళ్లు ఎగజిమ్మి, బోర్డు మీద అలలాట ఆడించే యంత్రమే ఫ్లోరైడర్. నా బ్యాడ్జి మీద పేరు కింద ఇండియా అని చూడగానే "తెలుగా?" అని పలకరిస్తారు. అమెరికాలో స్కూళ్లకు సెలవులిచ్చారంటే మనవాళ్లు మూడు నాలుగు కుటుంబాలు కలిసి వస్తారు. వచ్చేటప్పుడే ఫోన్లో నాలుగు వీడియోలు, ఎవరో చెప్పిన పది మాటలు పట్టుకొస్తారు. ఆ మాటల్లో ఒక్కటి మాత్రం నిజంగా ఎముకలు విరగ్గొడుతుంది. ముందు దాని సంగతి చెబుతాను.

అపోహ: బూగీ బోర్డు మీద పడుకోవడం, మోకరిల్లడం వచ్చేస్తే అదే బోర్డు మీద నిలబడొచ్చు.

వాస్తవం: నిలబడకూడదు. ఎంత బాగా వచ్చినా సరే. బూగీ బోర్డు పడుకోవడానికి, మహా అయితే మోకాళ్ల మీద కూర్చోవడానికి చేసింది. మెత్తటి ఫోమ్ కాబట్టి మడమ కింద నొక్కుకుపోతుంది. నిలబడేవాళ్ల బోర్డు వేరు, సెషన్ వేరు, మనిషికి కావలసిన ఎత్తు కూడా వేరు. పడుకుని ఆడటానికి 52 అంగుళాలు, నిలబడటానికి 58 అంగుళాలు ఉండాలి.

కారణం తెలియక చాలామంది దీన్ని మా చాదస్తం అనుకుంటారు. సముద్రంలో అల మనిషిని మోసుకుపోతుంది. ఫ్లోరైడర్‌లో మనం ఉన్నచోటే ఉంటాం, నీళ్లే మన కిందనుంచి పరిగెడతాయి. పంపులు ఆ నీళ్లను గంటకు దాదాపు 50 కిలోమీటర్ల వేగంతో ఏటవాలు మీదికి ఎగజిమ్ముతాయి. నీటి మందం మూడంగుళాలు, అంతే. బోర్డు ముక్కు కాస్త మునిగిందంటే నీళ్లు దాన్ని లాగేసుకుంటాయి. పడుకుని ఉన్నవాడు దొర్లుకుంటూ వెనక్కి కొట్టుకుపోయి, నవ్వుకుంటూ లేస్తాడు. నిలబడి ఉన్నవాడు తన ఎత్తంతా పడతాడు. కాలు బోర్డుతో ఒకవైపు, ఒళ్లు ఇంకోవైపు పోతాయి. చీలమండ మెలిపడేది అక్కడే.

ఇది నేను పుట్టించిన భయం కాదు. ఒక ప్రయాణికురాలు డబ్బు కట్టి క్లాసు తీసుకుంది. నేర్పేవాడే ఆమెను బూగీ బోర్డు మీద నిలబెట్టి, తను బోర్డు పట్టుకుని, తర్వాత వదిలేశాడు. ఆమె పడింది, చీలమండ విరిగింది. అలా నిలబెట్టకూడదని క్రూయిజ్ కంపెనీ నియమాలూ, ఆ యంత్రం చేసినవాళ్ల నియమాలూ అంతకుముందే చెబుతున్నాయి. 2011లో అట్లాంటాలోని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు దాకా వెళ్లిన కేసు ఇది. కాబట్టి మా స్టాఫ్‌లో ఎవరైనా సరే "ఒక్కసారి లేవండి, నేను పట్టుకుంటా" అంటే వద్దని చెప్పండి. అలా చెబితే మర్యాద తక్కువేమీ కాదు.

ఆ కేసులోనే ఇంకో అపోహకూ జవాబుంది. దెబ్బ తగిలితే కంపెనీకి బాధ్యత లేదని ఎక్కేముందే సంతకం పెట్టేశాం కాబట్టి ఏం జరిగినా నోరెత్తలేం అని చాలామంది దిగులుపడతారు. కింది కోర్టు ఆ సంతకం చూసే కేసు కొట్టేసింది. అమెరికా రేవులకు ప్రయాణికులను చేరవేసే ఓడలు తమ నిర్లక్ష్యం వల్ల తగిలిన గాయానికి బాధ్యత లేదని ముందే రాయించుకోవడం చట్టం ప్రకారం చెల్లదని అప్పీళ్ల కోర్టు తేల్చింది. అలాగని మా మాట వినకుండా సొంతంగా దూకి కాలు విరగ్గొట్టుకుంటే అది ఓడవాళ్ల నిర్లక్ష్యం కిందికి వస్తుందనుకోకండి.

అపోహ: కింద మెత్తగా ఉంటుంది, పైగా నీళ్లు. పడితే ఏమవుతుంది?

వాస్తవం: మెత్తదనం చర్మాన్ని కాపాడుతుంది, కీళ్లను కాదు. ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు నేనూ ఇలాగే అనుకున్నాను. రుషికొండలో బోర్డు మీద పెరిగినవాణ్ణి, నాకు రెండో రోజే 360, అంటే బోర్డుతో పూర్తిగా ఒక చుట్టు, తిరగాలనిపించింది. సగం తిరిగేసరికి బోర్డు అంచు నీళ్లలో దిగింది. పడుతూ అలవాటు ప్రకారం ఎడమ చెయ్యి కింద ఆనించాను. నీళ్లు ఆ చేతిని వెనక్కి ఈడ్చుకుపోయాయి, ఒళ్లు ముందుకు పోయింది. భుజంలో టక్‌మన్న చప్పుడు నాకే వినపడింది. ఆరు వారాలు అన్నం కుడిచేత్తోనే కలుపుకున్నా, గిన్నె పట్టుకోవడానికి పక్కవాడు కావలసి వచ్చేది.

అందుకే ఎవరొచ్చినా మొదట పడటమే నేర్పిస్తాను. చేతులు చాపకండి. తల కాపాడుకుని, ఒళ్లు ముడుచుకుని నీళ్లతో పాటు పోండి. అవే మిమ్మల్ని పైకి, వెనక్కి తీసుకెళ్లి వదులుతాయి. ఆగగానే లేచి పక్కకు వచ్చేయండి.

మరి ట్రిక్కులు అసలు వద్దా అంటే, అదేం లేదు. మా దగ్గర బూగీ బోర్డు మీద మోకరిల్లడం, పడుకునే గుండ్రంగా తిరగడం మేమే నేర్పుతాం. ఎగరడం, పైనుంచి బోర్డుతో దూకడం లాంటివి అందరూ వచ్చే సెషన్‌లో వద్దంటాం. వీడియోల్లో మీరు చూసేవి చాలావరకు అనుభవం ఉన్నవాళ్ల సెషన్లు, లేదా నేల మీద ఉన్న పార్కుల్లో తీసినవి. ఈ యంత్రం 2006లో ఫ్రీడమ్ ఆఫ్ ద సీస్ అనే క్రూయిజ్ షిప్పుతో ఓడెక్కకముందు నేల మీదే కదా పుట్టింది. ఓడ ఊగుతుంది, గాలి కొడుతుంది, లైన్లో వెనక చిన్నపిల్లలుంటారు. పక్క షిప్పులో చేయనిచ్చారు అని వాదించకండి. ఆ రోజు మీటల దగ్గర నిలబడ్డవాడి మాటే చివరి మాట.

ఇంకొన్ని గబగబా. వయసు కాదు, ఎత్తే లెక్క. బతిమాలితే అంగుళం పెరగదు. ఒక బోర్డు మీద తండ్రీ కొడుకులు కలిసి ఎక్కకూడదు. ఉంగరాలు, గొలుసులు, చేతిలో కెమెరా, కళ్లజోడు వద్దు. గర్భిణులు అసలు ఎక్కకూడదు.

ఈత రాకపోతే? మూడంగుళాల నీళ్లలో ఈతతో పనేముంది! పోయిన సెలవుల్లో డాలస్ నుంచి వచ్చిన ఒకావిడ కొడుకుని లైన్లో పెట్టి, తడి తువ్వాలు పిండుకుంటూ రెయిలింగ్ పక్కనే నిలబడింది. "బాబూ, నాకు ఈత రాదు, వాడికీ సరిగా రాదు, ఏమీ కాదు కదా?" అని ముగ్గురు స్టాఫ్‌ని అడిగాక నా దగ్గరికొచ్చింది. భయపడేవాళ్లంటే నాకు విసుగు రాదు. అడిగి తెలుసుకునేది వాళ్లే. "మోకాళ్ల దాకా కూడా రావమ్మా ఆ నీళ్లు. వాడు నిలబడకుండా మీరు చూడండి, మిగతాది నేను చూసుకుంటా" అన్నాను. కుర్రాడు పడుకుని ఆడాడు, మోకరిల్లాడు, రెండుసార్లు దొర్లాడు. మూడోసారి మోకాళ్ల మీదనుంచి లేవబోతుంటే నేను ఈల వేసేలోపే "ఒరేయ్, కూర్చో!" అని ఆవిడ గొంతు డెక్ అంతా వినపడింది. వాడు కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే, లైన్ ఇంకా పెరగకముందే, ఆవిడే వచ్చింది. జడ గట్టిగా ముడేసుకుని, పొడుగు చేతుల స్విమ్ సూట్ వేసుకుని, గొలుసు తీసి కొడుకు చేతికిచ్చి, "పడటం ముందు నేర్పు బాబూ" అంది.