నేలమీద పెట్టని మూట

పిల్లలూ,

పండక్కి వచ్చినప్పుడు మీరడిగిన ప్రశ్నకి తీరిగ్గా జవాబు రాస్తానన్నాను కదా. స్వెట్టర్లు అమ్మే టిబెటన్ ఆవిడ సరుకంతా కింద పరుచుకుంది, డబ్బుల సంచి కూడా నేలమీదే పెట్టింది. మరి ఆ పసుపు గుడ్డ మూటని మాత్రం పైన కొక్కేనికి ఎందుకు తగిలించిందని మీ సందేహం. అది ఆవిడ రోజూ చదువుకునే ప్రార్థనల పుస్తకం. కర్ణాటకలో బైలకుప్పె, ముండగోడు అని టిబెటన్ల ఊళ్లున్నాయి. 1959లో దలైలామా మన దేశం వచ్చాక, 1960లలో ఏర్పడినవి. చలికాలం రాగానే అలాంటి ఊళ్లనుంచి చాలామంది స్వెట్టర్ల మూటలతో మన పట్టణాలకి వస్తారు. వాళ్లతోపాటు ఆ పుస్తకమూ వస్తుంది.

టిబెటన్లు దాన్ని ‘పేచా’ అంటారు. దానికి కుట్టు ఉండదు. అన్నీ పొడుగాటి, సన్నటి విడి కాగితాలు. పైనా కిందా చెక్క పలకలు పెట్టి, గుడ్డ చుట్టి, తాడుతో కడతారు. ఎక్కడో చూసినట్టు లేదూ? మన తాటాకు గ్రంథమే! బౌద్ధ గ్రంథాలు ఇక్కణ్ణుంచి తాటాకుల మీద వెళ్లాయి. తాటిచెట్టు మొలవని ఆ చలిదేశంలో వాళ్లు కాగితాన్ని తాటాకులా కోసుకున్నారు. ఇంకో తమాషా ఏమిటంటే, తాటాకుకి తాడు దూర్చే చిల్లు ఉంటుంది కదా, కొన్ని పాత టిబెటన్ ప్రతుల్లో ఆ చోట చిల్లు లేకపోయినా గుండ్రంగా సున్నా చుట్టి వదిలేశారు. కాగితం కూడా వట్టి కాగితం కాదు, ఒక విషపు మొక్క వేళ్లతో చేసేవారు. పురుగు ముట్టదు.

పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకోవాలని మీకు వేరే నేర్పక్కర్లేదు. అయితే మనం సరస్వతి అనుకుంటాం, వాళ్ల లెక్క ఇంకోటి. విగ్రహం బుద్ధుడి శరీరం, స్తూపం ఆయన మనసు, గ్రంథం ఆయన మాట. ఆ పుస్తకం దగ్గరుంటే బుద్ధుడి మాట దగ్గరున్నట్టే. అందుకే దాన్ని నేలమీద పెట్టరు, దాటరు. దాని మీద కళ్లజోడు, టీ కప్పు సరే, జపమాల కూడా పెట్టకూడదంటారు. పేజీ తిప్పడానికి వేలు నాలుకకి తడపకూడదు (ఈ ఒక్కటి నాకు చచ్చినా అలవాటు కాదు). కాగితాలు మరీ చివికిపోతే పాత పేపర్లవాడికి వెయ్యరు. మంత్రం చదివి కాలుస్తారు, లేదా స్తూపం కట్టేటప్పుడు లోపల ఉంచుతారు.

ఇంత పవిత్రమైతే ఇంట్లో పూజగదిలో పెట్టి తాళం వెయ్యొచ్చుగా, రోడ్డుమీదకి తేవడమెందుకని మీ నాన్న అన్నాడు. నేనొప్పుకోను. మనిషి వెంట తిరగడం ఆ పుస్తకాలకి మొదటినుంచీ ఉన్న పద్ధతి. లడఖ్ పల్లెల్లో ‘బుమ్‌స్కోర్’ అని చేస్తారు. గుడిలో ఉన్న ‘ప్రజ్ఞాపారమిత’ అనే బౌద్ధ గ్రంథం బరువైన సంపుటాలని ఊరివాళ్లు తలా ఒకటి వీపుకి కట్టుకుని, పంట బాగా పండాలని పొలాల చుట్టూ తిరుగుతారు. ఆ ప్రజ్ఞాపారమితనే బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడు నాగలోకం నుంచి తెచ్చాడని కథ. మన నాగార్జునకొండ ఆ పేరుతోనే ఉంది! దూరప్రయాణం చేసే టిబెటన్లకి ‘గావు’ అని చిన్న లోహపు పెట్టె ఉంటుంది. అందులో మడిచిన మంత్రాల కాగితమో చిన్న ప్రతిమో పెట్టి, మెడలోనో భుజానికో వేసుకుంటారు. చూడ్డానికి మన తాయెత్తుకి పెద్దన్నలా ఉంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో దొరికిన చిన్న పుస్తకం. వజ్రచ్ఛేదిక సూత్రం అనే బౌద్ధ గ్రంథం మొత్తాన్ని ఒక ముసలాయన 906లో, జేబులో పట్టేంత పుస్తకంగా రాసుకున్నాడు. చివర పేరు వెయ్యలేదు కానీ వయసు మాత్రం వేశాడు: 83 ఏళ్లు. ముసలివాళ్లకి ఆ మాత్రం గొప్ప ఉంటుందిలే. సిరాలో తన చేతి రక్తం కలిపానని కూడా రాశాడు. అది మీరు చెయ్యక్కర్లేదు, అమ్మకి చెప్పి నన్ను తిట్టించకండి. ఆ వయసులో కష్టపడి రాసిందాన్ని ఆయన అంత చిన్నది చేసుకున్నాడంటే వెంట ఉంచుకోడానికి కాక మరెందుకు? చాలా మాటలు కాదు, ఆ సూత్రంలోని నాలుగు పాదాలు చెప్పిన చోటుని కూడా చైత్యంలా, అంటే బౌద్ధుల పూజాస్థలంలా గౌరవించాలని ఆ సూత్రంలోనే ఉంది.

ఇక ఫోన్ సంగతి. ఇప్పుడు లామాలు కూడా ఫోన్లో ప్రార్థనలు చదువుతున్నారు, మరి ఆ ఫోన్ని బాత్రూంలోకి తీసుకెళ్లొచ్చా అని చిన్నది అడిగింది. తెర ఆపేశాక అక్కడ అక్షరాలు లేవు కాబట్టి టెన్షన్ అక్కర్లేదని నా ఉద్దేశం. తెరమీద సూత్రం తెరిచి ఉంటే మాత్రం దాన్ని పరుపు మీద పడేసి, దానిమీంచి దూకి వెళ్లడం బాగుండదు. వెనక జేబులో పెట్టుకుని దానిమీదే కూర్చోవడమూ అంతే. అచ్చు పుస్తకమైతే స్కూలు బ్యాగులో పై అరలో, చెప్పులూ టిఫిన్ బాక్సూ తగలకుండా పెట్టుకోండి. కింద పడితే తీసి తలకి తాకించి లోపల పెట్టుకోవడమే, అంతకన్నా హడావుడి వాళ్లూ చెయ్యరు.

ఆ మూట విప్పి చూపించమని ఆవిణ్ణి అడగొచ్చా అంటే, అడగండి. చేతులు కడుక్కుని వెళ్లండి, బేరాలు లేని మధ్యాహ్నం పూట వెళ్లండి.

మీ తాతయ్య